ముందే వచ్చిన జనవరి

టీవీ తెర మీద బంతి గాల్లోకి లేచింది. రాయప్పగారి హాల్లో కూర్చున్న నలుగురు మగవాళ్ళూ మాటలు ఆపేశారు.

పొడుగాటి కుర్రాడొకడు గీత వెంబడి పరిగెడుతున్నాడు. వెనక్కి చూడటం లేదు. నలభై గజాలు పోయాక, బంతి ఎక్కడుందో వీపుకి తెలిసినట్టు చటుక్కున మెడ తిప్పి, ఒంటి చేత్తో దాన్ని గుండెకి హత్తుకున్నాడు. మరుక్షణం అవతలి జట్టువాడొకడు దూసుకొచ్చి గుద్దేశాడు. హెల్మెట్‌కి హెల్మెట్ తగిలిన చప్పుడు ఆ పాత వీడియో టేపులో కూడా గట్టిగానే వినిపించింది.

"చూశారా? పడ్డాడు గానీ బంతి వదల్లేదు," అన్నాడు సుబ్బరాజు, తనే పట్టినంత గర్వంగా.

జైన్ తెర మీంచి చూపు తిప్పలేదు. ఆ కుర్రాడు లేచాడు. బంతి రిఫరీ చేతిలో పెట్టాడు. తాపీగా నడుచుకుంటూ అవతలి జట్టు బెంచీ దగ్గరికి వెళ్ళి అక్కడ కూర్చోబోయాడు. ఎవరో నవ్వుతూ అతని భుజం పట్టుకుని ఇవతలికి తిప్పారు. టేపు అక్కడితో అయిపోయింది.

రాయప్ప కూడా అది చూశాడని జైన్‌కి తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా తిరిగిన మనిషి. ఆయన కంటికి అలాంటివి తప్పిపోవు.

రెండు వేల సంవత్సరం, జూలై నెల. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో పడమటి గాలి ఎముకలు కొరుకుతున్న ఆదివారం మధ్యాహ్నం. చర్చి అయ్యాక భోజనాలు ముగించి వీళ్ళు చర్చకి కూర్చున్నారు. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనే ఆటని ఇక్కడివాళ్ళు గ్రిడైరన్ అంటారు. ఆ ఆట ఆడే చిన్న క్లబ్బొకటి ఊళ్ళో ఉంది. దాని మ్యాచ్‌లకి వచ్చేవాళ్ళు వందమంది లోపే. అందులో పదిహేనుమంది తెలుగువాళ్ళు. వాళ్ళని ఆ ఆట వైపు లాగింది రాయప్ప కొడుకు శామ్. ఆ జట్టుకి వాడే వైడ్ రిసీవర్. అంటే అందరికంటే దూరంగా గీత పక్కన నిలబడి, విజిల్ పడగానే పరిగెత్తి, పొడుగు బంతులు పట్టేవాడు. వాడి కోసం మైదానానికి రావడం మొదలెట్టిన బాపట్లవాళ్ళూ భీమవరంవాళ్ళూ ఒంగోలువాళ్ళూ చివరికి ఆ ఆటకే అలవాటు పడిపోయారు.

శామ్ చనిపోయి పదకొండు నెలలయింది.

ఇప్పుడు ఆ స్థానంలోకి అమెరికా నుంచి ఆ టేపులోని కుర్రాణ్ణి, డెరిక్ హాలిస్‌ని తెద్దామంటున్నారు. కాలేజీ రోజుల్లో పెద్ద స్టార్. తలకి రెండుసార్లు గట్టి దెబ్బలు తగిలాక అక్కడ ఏ జట్టూ అతన్ని తీసుకోవడం లేదు. ఈ క్లబ్బుకి ఒక ఆనవాయితీ ఉంది. బయటి దేశం నుంచి వచ్చే ఆటగాడు ఆ సీజనంతా ఒక అభిమాని ఇంట్లో ఉంటాడు. ఎవరింట్లో దిగుతాడో వాళ్ళదే చివరి మాట. వాళ్ళు వద్దంటే ప్రెసిడెంటు కూడా మారుమాట్లాడడు. ఈసారి వంతు రాయప్పగారిది. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న గది శామ్‌ది.

సుబ్బరాజు సిటీ కౌన్సిల్లో రోడ్ల ఇంజినీరు. తనది భీమవరం, తాను ఒకప్పుడు కబడ్డీ ఆడాను గనక దెబ్బల సంగతి తనకి తెలుసునని అరగంట నుంచి చెబుతున్నాడు. యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పే ద్వారకానాథ్ గారు అతని మాటల్ని ఒక్కొక్కటిగా తిప్పికొడుతున్నారు. రెండుసార్లు దెబ్బ తిన్నవాడు మూడోసారి తినే అవకాశం ఎంతో ఆయన ఒక కాగితం మీద లెక్క కట్టుకొచ్చారు.

"సార్, మీ కాగితం ప్రకారం పోతే ఎవడూ ఈ కొండ రోడ్డు దిగి బ్రిస్బేన్ కూడా వెళ్ళకూడదు," అన్నాడు సుబ్బరాజు.

"నువ్వు డ్రైవ్ చేస్తే అస్సలు వెళ్ళకూడదు రాజూ."

రాయప్ప చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి జైన్ చూపు తిప్పుకున్నాడు.

వంటింట్లోంచి సువర్ణకుమారి టీ తెచ్చింది. మొగుడికి ఇవ్వాల్సిన కప్పు ఆయన చేతికి ఇవ్వలేదు. పక్కనున్న స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది. పదకొండు నెలలుగా ఆమె ఆయన చేతికి ఏదీ ఇవ్వలేదు. అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎందుకో కూడా తెలుసు. కొడుకు ఆడవచ్చని కాగితం మీద సంతకం పెట్టింది రాయప్పే.

ఆ సంతకం వెనక ఏముందో తెలిసినవాడు మాత్రం ఒక్కడే.

జైన్ ఒంగోలు నుంచి వచ్చిన ముస్లిం కుర్రాడు, ప్రోగ్రామర్. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న వై టూ కే భయంతో కంపెనీలు మనుషుల్ని ఎగబడి తీసుకున్న రోజుల్లో వచ్చాడు. ఒంటరివాడు. ఆదివారం భోజనం ఈ ఇంట్లోనే. అతని కోసం సువర్ణకుమారి బ్రిస్బేన్ నుంచి హలాల్ కోడి తెప్పించి, విడిగా వండి, విడి గిన్నెలో పెట్టేది. శామ్ పోయాక కూడా ఆ గిన్నె ఆగలేదు. ఇవాళా ఉంది.

క్లబ్బుకి ఏదో ఒకటి చెయ్యాలనిపించి, మూలనపడ్డ పాత కంప్యూటర్లో ఆటగాళ్ళ రిజిస్టరు తయారుచేసిపెట్టాడు. తలకి దెబ్బ తగిలితే ఇరవయ్యొక్క రోజులు ఆడకూడదని క్లబ్బు నియమం. దెబ్బ తేదీ అందులో వేస్తే చాలు. కంప్యూటర్ వేసిన ప్రతిసారీ అదే లెక్క చూసుకుని, గడువు తీరినవాళ్ళ పేర్లు నిషేధం జాబితాలోంచి తీసేస్తుంది. అంత ముద్దుగా రాసుకున్న ప్రోగ్రాం కొత్త సంవత్సరం దాటి బతుకుతుందా లేదా అని అతనికి అనుమానం వచ్చింది. ఆఫీసులో రోజూ చేసే పనే. తొంభై తొమ్మిది ఆగస్టులో ఒక మంగళవారం సాయంత్రం, గడియారాన్ని ముందుకి తిప్పి రెండు వేల జనవరి ఒకటి చేశాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. అంతా చక్కగా పనిచేసింది. సంబరపడ్డాడు. ఇంతలో బయట కుర్రాళ్ళు ప్రాక్టీసు మొదలెట్టారు. తలకి దెబ్బ తగిలి నిషేధంలో ఉన్న శామ్ గీత బయట నిలబడి, నన్ను ఆడనివ్వడం లేదన్నా అని మొహం పెడుతున్నాడు. జైన్ నవ్వుతూ వాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

గడియారం వెనక్కి తిప్పలేదు.

శుక్రవారం సుబ్బరాజు జట్టు కాగితం ప్రింటు తీశాడు. నిషేధం జాబితా ఖాళీ. ఫస్ట్ ఎయిడ్ బాధ్యతా, దెబ్బ తేదీలు కంప్యూటర్లో వేసే పనీ రాయప్పవి. ఆ నెలంతా ఆయనకి రాత్రి డ్యూటీలు. పగళ్ళు నిద్రలో పోతుంటే ఏ రోజు ఏదో ఆయనకే సరిగ్గా తెలియడం లేదు. మూడు వారాలైపోయింది డాడీ అన్నాడు కొడుకు. కంప్యూటరూ అదే అంది. సంతకం పెట్టాడు. శనివారం రెండో క్వార్టర్లో శామ్‌కి తగిలింది పెద్ద దెబ్బేం కాదు. లేచాడు, రెండడుగులు వేశాడు, కూర్చున్నాడు. మూడో రోజున బ్రిస్బేన్ ఆస్పత్రిలో పోయాడు.

అంత్యక్రియలు అయ్యాక జైన్ క్లబ్బు గదికి వెళ్ళి కంప్యూటర్ వేశాడు. తెర మూల జనవరి కనిపించింది. తలుపు గడియ పెట్టి, తేదీ సరిచేసి, బయటికొచ్చి, షెడ్డు వెనకాల వాంతి చేసుకున్నాడు.

ఆ తర్వాత అసలు జనవరి వచ్చింది. ఆ రాత్రి ఆఫీసులో నలభైమంది తెరలకి కళ్ళప్పగించి కూర్చుంటే ఏమీ కాలేదు. ఇంత హడావిడీ ఉత్తదేనని అందరూ నవ్వుకున్నారు. జైన్ కూడా నవ్వాడు. అప్పటి నుంచి ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ముందు తెర మూలకే చూస్తాడు. సిగ్నల్ దగ్గర కారు ఆపితే, పేవ్‌మెంట్ మీద పొడుగాటి కుర్రాడెవడో భుజం మీంచి వెనక్కి చూస్తూ నడుస్తుంటాడు. కారు కదిలేసరికి వాడు ఇంకెవడో అయిపోతాడు. క్లబ్బు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు సిమెంటు నేల మీద స్పైక్ బూట్ల చప్పుడు వస్తుంది. తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. లోపలికి రాదు.

"ఇంకా ఎంతసేపు నానుస్తాం? రాయప్పగారూ, మీ మాట చెప్పండి," అన్నాడు సుబ్బరాజు.

రాయప్ప చల్లారిన టీ కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు.

"రానివ్వండి," అన్నాడు.

ద్వారకానాథ్ గారు కళ్ళజోడు తీశారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"వాడు ఎవడి బెంచీకి నడిచాడో నేను చూడకపోలేదు సార్. నాకు తెలుసు. అందుకే నా ఇంట్లో ఉండాలంటున్నా. ఇంకెక్కడికో పోతే ఎవరు చూస్తారు? వాడికి దెబ్బ తగిలిన రోజు నుంచీ నేను లెక్కపెడతా. కాలెండర్ గోడకి కొట్టి రోజుకొక గీత గీస్తా. నా కొడుక్కి తప్పు లెక్కపెట్టా. వీడికి తప్పు జరగదు." జైన్ వైపు తిరిగాడు. "నీ కంప్యూటర్లో కూడా వెయ్యి బాబూ. అది అప్పుడూ తప్పు చెప్పలేదు. నిద్రమత్తులో నేనే దెబ్బ తేదీ తప్పు వేసి రోజులు మింగేశా."

ఆ మాట ఆయన ఎంతో మామూలుగా అన్నాడు. వంటింటి గుమ్మంలో సువర్ణకుమారి నిలబడి ఉంది.

ఇప్పుడు ఊరుకుంటే ఎప్పటికీ ఊరుకున్నట్టేనని జైన్‌కి అర్థమైంది. హాలిస్ వస్తాడు, శామ్ గదిలో పడుకుంటాడు. ఈయన రోజుకొక గీత గీస్తూ, చెయ్యని తప్పుకి శిక్ష అనుభవిస్తూ ఉంటాడు. తను ఆదివారం వచ్చి విడి గిన్నెలో కూర తింటాడు.

"అంకుల్, మీరు తప్పు లెక్కపెట్టలేదు," అన్నాడు. "కంప్యూటరే తప్పు చెప్పింది. డేట్ నేను మార్చాను. టెస్టింగ్‌కి. జనవరి పెట్టి, మళ్ళీ వెనక్కి పెట్టడం మర్చిపోయాను. అందుకే లిస్టులోంచి శామ్ పేరు పోయింది."

గాలికి కిటికీ అద్దం కొట్టుకుంటోంది. జైన్ మిగతాదంతా చెప్పాడు. మంగళవారం, శుక్రవారం, అంత్యక్రియల తర్వాత తలుపు గడియ. దేన్నీ తగ్గించి చెప్పలేదు.

సువర్ణకుమారి అడిగింది ఒక్కటే.

"అప్పటికి వాడి గడువు ఇంకా ఎన్ని రోజులుంది?"

"ఆరు, ఆంటీ."

ఆమె తల ఊపింది. హాల్లోకి వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. ఆయన చేతిలోని చల్లారిన కప్పు తీసుకుని కింద పెట్టి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. రాయప్ప ఆమె వైపు చూడలేదు. ఆయన భుజాలు మాత్రం ఒక్కసారి కుంగిపోయాయి, మోస్తున్న బస్తా దించినవాడి భుజాల్లాగా. జైన్ వైపు ఆ ఇద్దరూ చూడలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

చివరికి రాయప్ప ఫోన్ వైపు చూపించాడు.

"ఆ కుర్రాడికి ఫోన్ చెయ్యి."

"ఎవరికంకుల్?"

"హాలిస్‌కి. నాకు చెప్పిందంతా వాడికీ చెప్పు. ఆ తర్వాత నా ఇంటికి వస్తాడో మానతాడో వాణ్ణే తేల్చుకోమను. ఇక్కడే చెయ్యి. నేను వినాలి."

హాలిస్ ఉండే కాలిఫోర్నియాలో ఇంకా శనివారం రాత్రి తొమ్మిదే. సుబ్బరాజు పర్సులోంచి ఫోన్ కార్డు తీసి నంబర్లు నొక్కి, స్పీకర్ ఆన్ చేసి, ఫోన్ జైన్ ముందు పెట్టాడు. నాలుగో రింగుకి ఒక హుషారైన గొంతు పలికింది. టికెట్ బుక్ అయిందా అని అడిగింది. మీ ఊళ్ళో కంగారూలు వీధుల్లో తిరుగుతాయటగా, అంది.

జైన్ ఇంగ్లీషులో చెప్పడం మొదలెట్టాడు. హాలిస్ ఆడబోయే స్థానంలోనే ఆడిన కుర్రాడి గురించి. రెండో దెబ్బ గురించి. తను మార్చిన తేదీ గురించి. అటువైపు నవ్వు ఆగిపోయింది. హాలిస్ మర్యాదగల పిల్లాడు. చాలా బాధగా ఉంది సార్ అన్నాడు. ఆ కుర్రాడి పేరేమిటని అడిగాడు.

శామ్ అని చెప్పాడు జైన్.

మంచి పేరు అన్నాడు హాలిస్. తనకి మాత్రం ఇప్పుడంతా బాగానే ఉందన్నాడు. డాక్టర్లు అతిగా భయపెడతారన్నాడు. తలనొప్పులు తగ్గాయన్నాడు. టేపు చూశారా, ఒంటి చేత్తో పట్టిన ఆ బంతి చూశారా అన్నాడు. అది పట్టాక ఏం చేశావని జైన్ అడిగాడు. ఏముంది, మా వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను అన్నాడు హాలిస్. ద్వారకానాథ్ గారు నేలకేసి చూస్తూ ఉండిపోయారు.

లైన్లో కొంచెం సేపు గరగర వినిపించింది. తర్వాత మళ్ళీ అదే గొంతు, అంతే మర్యాదగా, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగింది.

"సార్, చనిపోయిన ఆ కుర్రాడి పేరు మీరు చెప్పలేదు. ఏమిటది?"

సువర్ణకుమారి మొగుడి చెయ్యి వదల్లేదు. రాయప్ప ఆ చెయ్యి ఆమె చేతుల్లోనే ఉంచి ముందుకు వంగి, ఫోన్‌కి దగ్గరగా, వార్డులో రోగితో మాట్లాడే గొంతుతో, ఒక్కొక్క అక్షరం విడదీసి కొడుకు పేరు చెప్పాడు.

"రాసుకో నాయనా," అన్నాడు తెలుగులోనే. "రాసుకుని దగ్గర పెట్టుకో. నువ్వు రావద్దు."