గోడవైపు తిప్పిన పలక

పొద్దున్నే తడిగుడ్డతో పలక తుడవడం ఏసురత్నం మొదటి పని. గేటు తాళం తీసేది కూడా దాని తర్వాతే. అది పిల్లలు చంకన పెట్టుకుని బడికి పోయే పలక కాదు. క్వారీలో ఎప్పుడో ఒకసారి బీట లేకుండా దొరికిన పెద్ద బండను చీల్చి, నున్నగా తోమి, టేకు చట్రం బిగించి, కంపెనీ గేటు పక్కన గోడకు వేలాడదీసిన పలక. నిలబెడితే మనిషి ఛాతీ దాకా వస్తుంది. మార్కాపురంలో పలకల కంపెనీలకేం కొదవ లేదు గానీ ఇంత పలక ఇంకెక్కడా లేదని పనివాళ్లు గొప్పలు చెప్పుకుంటారు, దాన్నేదో తామే కన్నట్టు.

ఏసురత్నం సన్నటి మనిషి. యాభై రాకముందే భుజాలు ముందుకు వంగిపోయాయి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. గోళ్ల సందుల్లో బూడిదరంగు రాతిపొడి పేరుకుని ఉంటుంది. పలకలు తోమే షెడ్డులో అన్నేళ్లు కూర్చున్నవాడికి అది సబ్బుతో వదిలేది కాదు. దగ్గు వస్తే మొహం పక్కకు తిప్పుకుని, ఎదుటివాళ్లకు ఇబ్బందేమోనన్నట్టు మెల్లగా దగ్గుతాడు. అతనిలో నలుగురూ మెచ్చుకునేది ఒకటే, చేతిరాత. పుల్లలచెరువు దగ్గర కూలి చేసుకునే తల్లిదండ్రులు అతన్ని మిషను బడిలో చేర్చినందుకు మిగిలింది ఆ రాతే.

ఈ పొద్దు తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు. సాయంత్రం యర్రగొండపాలెం బస్సుకు కాటమరాజు ఊరు విడిచి పోతున్నాడు. పోయేలోపు అతనికి ఒక మాట చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేది లేదు. మూడు నెలలుగా ఆ మాట కోసం నోరు తెరుస్తూనే ఉన్నాడు, తెరిచిన ప్రతిసారీ దగ్గు వచ్చినట్టు నటించి మూసుకుంటూనే ఉన్నాడు.

గుమాస్తా వెంకటేశ్వర్లు కాగితం ముక్క పట్టుకుని వచ్చాడు. కాగితం పైన అచ్చయిన పాత రాష్ట్రం పేరు కొట్టేసి, పక్కనే సిరాతో ఆంధ్రప్రదేశ్ అని రాసి ఉంది. పాత కాగితాలు అయిపోయేదాకా కొత్తవి అచ్చు వేయించేది లేదని అయ్యగారి ఆజ్ఞ.

"రత్నం, ఇది రాయి. అయ్యగారు వచ్చేలోపల అయిపోవాలంట. అక్షరాలు పెద్దగా పెట్టమన్నాడు."

ఏసురత్నం సుద్దముక్క అందుకుని రాయడం మొదలుపెట్టాడు. "వాటాదారు శ్రీ లక్ష్మీనరసయ్యగారు తమ వాటాల విక్రయమును ఆలస్యముగా తెలియజేసినందున కంపెనీ నిబంధనల ప్రకారము జరిమానా చెల్లించియున్నారు." ఆలస్యముగా అన్న మాట దగ్గర సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే మిగతాది పూర్తి చేశాడు.

ఆ కంపెనీలో వాటాలు పెద్దవాళ్లకే కాదు, పనివాళ్లకూ కొద్దోగొప్పో ఉన్నాయి. అందుకని మొదటి సమావేశంలోనే ఒక నిబంధన పెట్టుకున్నారు. పెద్ద వాటాదారు ఎవరైనా సరే, తన వాటాలు అమ్మినా కొత్తగా కొన్నా వారం తిరక్కముందే గేటు పలక మీద రాయించాలి. ఆలస్యమైతే జరిమానా. పెద్దాయన చెయ్యి తీసేస్తున్నాడంటే చిన్నవాళ్లు జాగ్రత్తపడాలి కదా, అదీ వాళ్ల ఆలోచన. ఆలోచన మంచిదే. జరిమానా ఎంతుండాలో తేల్చేటప్పుడు మాత్రం పనివాళ్లు మొహమాటపడ్డారు. అంత పెద్దవాళ్లకు జరిమానా అనడమే ఎక్కువనుకుని, రెండు పొట్టేళ్ల ఖరీదు కూడా కాని మొత్తం దగ్గర ఆగిపోయారు.

షెడ్డులోకి పోతున్న పనివాళ్లు పలక ముందు ఆగారు. చదవమంటే ఏసురత్నం చదివి వినిపించాడు.

"అంత పెద్దాయన జరిమానా కట్టినాడా?" అంది చట్రాలు బిగించే సుశీలమ్మ. "ఇంకొకడైతే కట్టే రకమా. అదీ మనిషంటే."

"రూలు అందరికీ ఒకటేనని చేసి చూపించినాడు," అన్నాడు మస్తానయ్య.

ఇద్దరికీ చెరి కాసిని వాటాలున్నాయి. ఆ కాగితాలు ఇప్పుడు పొయ్యి రాజేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. అయినా పొగడ్తకు లోటు లేదు. నలుగురి ముందు తలదించుకునేలా చేయవలసిన పలక పెద్దాయనకు సన్మానపత్రమై కూర్చుంది. ఏసురత్నం ఆ మాటలు వింటూ గేటు కడ్డీలు తుడిచాడు. కడ్డీలకు దుమ్ము లేదు.

కాసేపటికి జట్కా వచ్చి ఆగింది. కంపెనీ నడిపే అయ్యగారు లక్ష్మీనరసయ్య దిగి, ఉత్తరీయం సర్దుకుని, వెనక్కి రెండడుగులు వేసి పలక మొత్తం చదువుకున్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడు కూడా అంత తీరిగ్గా చూడడు.

"రాత ముత్యాల్లాగుందయ్యా," అన్నాడు. లోపలికి పోతూ పోతూ ఏసురత్నం భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మంచోడివి రత్నం. ఎక్కడ నోరు తెరవాలో, ఎక్కడ మూసుకోవాలో తెలిసినోడివి."

ఏసురత్నం చేతులు కట్టుకుని నవ్వాడు. నవ్విన తర్వాత తన మొహం మీద తనకే అసహ్యం వేసింది.

మూడు నెలల కిందట కూడా ఆ చెయ్యి ఆ భుజం మీదే పడింది. ఏటా మద్రాసు నుంచి వచ్చే పెద్ద ఆర్డరు ఆ ఏడు రాలేదు. అక్కడి బడుల్లో రేకు పలకలు వాడుతున్నారట. ఆ కబురు లక్ష్మీనరసయ్యకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయన చడీచప్పుడు లేకుండా కొన్ని వాటాలు అమ్మేశాడు. నిబంధన ఉంది కాబట్టి గుమాస్తా అలవాటుగా కాగితం రాసిచ్చాడు, ఏసురత్నం అలవాటుగా పలక మీదకు ఎక్కించాడు. ఇంకా ఎవరూ చూడకముందే లక్ష్మీనరసయ్య వచ్చాడు.

"మూఢం నడుస్తాంది రత్నం. మూఢంలో ఇట్లాంటివి రాయకూడదు, కంపెనీకి అచ్చిరాదు. పలక అట్ల గోడకు తిప్పి పెట్టు. మూఢం పోయినాక నేనే చెప్తాలే."

ఏసురత్నానికి మూఢాలు లేవు. వాళ్ల చర్చిలో పెళ్లిళ్లకు పంచాంగం చూడరు. అమ్మడానికి అడ్డురాని మూఢం రాయడానికి ఎందుకు అడ్డొచ్చిందో అర్థం కానంత అమాయకుడూ కాదు. కానీ పలకలు తోమే షెడ్డు నుంచి అతన్ని లేపి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టింది ఈ పెద్దమనిషే. ఆ షెడ్డులో అతని పక్కన కూర్చున్నవాళ్లలో ముగ్గురు దగ్గి దగ్గి సమాధుల్లోకి పోయారు. ఎదురు చెప్తే మళ్లీ ఆ దుమ్ములోకే పోవాలి. పెద్దాయన నమ్మకాన్ని కాదనడం మర్యాద కాదని తనకు తానే చెప్పుకుని, పలకను రెండు చేతులా ఎత్తి, రాసిన వైపు గోడకు తిప్పి తగిలించాడు.

ఆ మూఢంలోనే ఒక పొద్దున కాటమరాజు వచ్చాడు. ఇంటిదగ్గర మంద కాస్తూ, పనిలేని రోజుల్లో క్వారీలో బండలు మోసే మనిషి. ఎడమ మోకాలు చెడింది. ఎండాకాలం గొర్రెల్ని నల్లమల ఎక్కించి మేపుకొచ్చే ఓపిక ఇక లేదు. మేత అడగని మంద, నీళ్లు అడగని మంద అని బజారులో ఎవరో చెవిలో ఊదితే, గొర్రెలమ్మి కంపెనీ వాటాలు కొనాలని బయల్దేరాడు. కొనేముందు ఎప్పటిలాగే గేటు దగ్గర ఆగాడు. అతనికి చదువు రాదు. పలక మీద ఏముందో ఏసురత్నమే చెప్పాలి.

"ఏం తమ్ముడా, పలక మీద ఏమన్నా పడిందా?"

"ఏం లేదన్నా," అన్నాడు ఏసురత్నం.

కంటికి కనబడే వైపు నిజంగానే ఏమీ లేదు. అబద్ధం ఆడలేదని ఆ పగలంతా తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ సాయంత్రమే కాటమరాజు మంద చేతులు మారింది. లక్ష్మీనరసయ్య చివరగా అమ్మిన వాటాలు కొన్నవాళ్లలో కాటమరాజు ఒకడు. మూఢం పోయింది, పలక ఇటు తిరిగింది, మద్రాసు కబురు ఊరంతా పాకింది, వాటా కాగితాన్ని ఊరికే ఇచ్చినా తీసుకునేవాడు లేకపోయాడు.

మధ్యాహ్నం సౌభాగ్యమ్మ జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తెచ్చింది. మొగుడు తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఆమె మాటలు తక్కువ మనిషి, చూపులు ఎక్కువ.

"మొన్న కూడా ప్రభువు బల్ల పళ్లెం నీ దాకా వస్తే పక్కకు జరిపినావు," అంది. "పాస్టరుగారు అడిగినాడు. ఒంట్లో బాగలేదని చెప్పినా."

ఏసురత్నం జొన్నరొట్టె తుంచి పచ్చడిలో అద్దాడు. మూడు నెలలుగా చర్చిలో ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం ముట్టలేదు. దోషం ఉండి ముట్టకూడదని చిన్నప్పుడే నేర్పారు. భార్యకు కూడా చెప్పుకోలేనంత సిగ్గు. దొంగతనం చేసినవాడికైనా దొంగిలించిందేదో చేతిలో ఉంటుంది, తనకు దక్కింది ఒక స్టూలు.

"కాటమన్న సాయంత్రం పోతాండాడు," అన్నాడు చివరికి.

"పుల్లలచెరువు కాడ ఎవరో రెడ్డి గొర్రెలకు జీతానికి కుదిరినాడంటనే. చెంచమ్మ చెప్పింది." గిన్నె కడిగి గుడ్డలో మూట కట్టింది. "సొంత మంద తోలుకొని బతికినోడు. పాపం."

ఆ పాపం అన్న మాట మామూలుగా అన్నదే. ఏసురత్నం మాత్రం తలెత్తలేదు.

సాయంత్రం ఎండ పల్చబడ్డాక కాటమరాజు కుంటుకుంటూ వచ్చాడు. తలపాగా, చెవులకు పోగులు, భుజం మీద మడతపెట్టిన నల్ల గొంగడి. చెంచమ్మ మూట నెత్తిన పెట్టుకుని రోడ్డు వారనే నిలబడిపోయింది.

"పోతాండా తమ్ముడా," అన్నాడు.

"కూచో అన్నా."

"బస్సు వచ్చే వేళైంది." గొంగడి తీసి స్టూలు మీద పెట్టాడు. "ఇది నువ్వుంచుకో."

"ఇదేందన్నా. అడవిలో చలికి నీకు గొంగడి లేకుంటే ఎట్ల?"

"జీతం కింద ఏడాదికొక గొంగడి, చెప్పులజత ఇస్తాడంట రెడ్డి. జీతగాడికి రెండు గొంగళ్లు ఎందుకు." నవ్వాడు. "నువ్వు గేటు కాడ గాలిలో కూచుంటావు. నీ దగ్గుకు మంచిది. మా మంద బొచ్చే, మా ఆడమనిషి వడికి నేయించింది."

ఏసురత్నం పొద్దుటి నుంచి కూడబలుక్కున్న మాట గొంతు దాకా వచ్చింది. ఈసారి దగ్గు నటించలేదు. నిజమైన దగ్గే వచ్చింది, అది తగ్గేదాకా కాటమరాజు ఓపిగ్గా నిలబడ్డాడు.

"అన్నా, నీకొక మాట చెప్పాల. ఆ మూఢంలో నువ్వొచ్చి అడిగినప్పుడు..."

"పలక గోడ తట్టుకు తిప్పి ఉండె," అన్నాడు కాటమరాజు.

ఏసురత్నం చేతిలోని తాళంచెవుల గుత్తి చప్పుడు ఆగిపోయింది.

"నాకు చదువు రాదు గానీ కండ్లున్నాయి గదా తమ్ముడా. ఇన్నేండ్లు చూస్తాండా, ఏం రాయని దినాన కూడా ఆ పలకకు తుడిచిన తడి ఆరతా ఉంటది. ఆ పొద్దు దుమ్ము కొట్టుకొని ఉండె. ఇది వెనక తట్టు, ముందర తట్టు ఏందో ఉందనుకున్నా. అందుకే నిన్ను అడిగినా. నువ్వు ఏం లేదంటివి. ఇంగ నేనెందుకు తిప్పి చూస్తా. నాకు పలక మీద కాదు, నీ మీద గురి."

అతని గొంతులో కోపం లేదు. తప్పిపోయిన గొర్రె ఏ వాగు దగ్గర తప్పిపోయిందో చెప్తున్నట్టు చెప్పాడు. తిట్టినా, కాలరు పట్టుకున్నా ఏసురత్నం ఎలాగోలా నిలబడేవాడు.

"అన్నా, ఆ అయ్య నన్ను మళ్లీ షెడ్డులోకి పంపిస్తాడని..."

"తెలుసులే. నీ దగ్గు నాకు తెల్దా." కాటమరాజు తలపాగా బిగించుకున్నాడు. "నువ్వన్నా గాలి పీల్చుకో."

చెంచమ్మ రోడ్డు మీద నుంచి పిలిచింది. వచ్చినంత మెల్లగానే అతను వెళ్లిపోయాడు. బస్సు ఆగింది. మెట్టు ఎక్కడానికి చెడిన కాలు రాకపోతే చెంచమ్మ మూట కింద పెట్టి రెండు చేతులా ఎక్కించింది. మందను కొండలెక్కించిన మనిషికి బస్సు మెట్టు ఎక్కడానికి అంత సేపు పట్టింది. ఏసురత్నం సాయానికి పోలేదు, గేటు దగ్గరే నిలబడి చూశాడు. బస్సు రేపిన దుమ్ము పలక మీదకు వచ్చింది.

పనివాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. పోతూ పోతూ కొందరు పలక వైపు చూసి మళ్లీ మెచ్చుకున్నారు. లక్ష్మీనరసయ్య ఆలస్యానికి ఒక ధర ఉంది. కట్టాడు, రసీదు తీసుకున్నాడు, ఇంటికి పోయి భోంచేస్తాడు. ఏసురత్నం ఆలస్యానికి ఏ సమావేశంలోనూ ఎవరూ ధర పెట్టలేదు. పెట్టి ఉంటే ఉన్నదంతా అమ్మి కట్టేసేవాడు.

చీకటి పడేవేళకు నల్లమల వైపు నుంచి చలిగాలి లేచింది. ఏసురత్నం చొక్కా కాలరు మెడకు దగ్గరగా లాక్కుని, స్టూలు మీద కూర్చోబోయి, కూర్చోలేక, గేటు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. స్టూలు మీద గొంగడి కాటమరాజు పెట్టిన మడతలోనే ఉంది. దాని అంచున, ఏ కొండవాలులో మంద వెంట నడిచినప్పుడు పట్టుకుందో, పల్లేరుకాయ ఒకటి ఇంకా అంటుకునే ఉంది.