తోకకు కట్టిన నిమ్మకాయ

మా రిమోట్ విమానాల క్లబ్బులో అందరూ హైటెక్ సిటీ ఉద్యోగులే. కంప్యూటర్ ముందు కూర్చుంటే బ్రహ్మాండం బద్దలు కొడతారు గానీ, రిమోట్ విమానానికి రెక్క అతికించడం చేతకాదు. డబ్బాలోంచి తీసిన విమానానికి పాతకాలం రంగులుంటే చాలు, "క్లాసిక్" అని మురిసిపోతారు.

ఆ ఆదివారం పొద్దున మియాపూర్ అవతలి మైదానంలో ఒక సంగతి తేలాలి. ఇకమీదట క్లబ్బులో చేరేవాళ్లు ఏ విమానం మీద నేర్చుకోవాలి? నితీష్ కొనుక్కొచ్చినదా, నేను గీసి, కోసి, విరగ్గొట్టి, మళ్లీ గీసినదా? ఏళ్లుగా నా ఆదివారాలన్నీ దానికే ధారపోశాను. అది ఓడిపోతుందేమోనని లోపల భయంగానే ఉంది.

"క్లాసిక్ అంటే అందం కాదు," అని అందరి ముందూ ఉపన్యాసం దంచాను. "ఎగరేసేవాడి తెలివితక్కువతనాన్ని తట్టుకునేదే క్లాసిక్. మూర్ఖుడి చేతిలో పడ్డా తిన్నగా దిగాలి."

నితీష్ నవ్వాడు. అతని భార్య రజిత, కొత్త బండికి చేసినట్టే, వాళ్ల విమానానికి పసుపు కుంకుమ పెట్టింది. దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దారం తెచ్చింది. ముందు ప్రొపెల్లర్ తిరుగుతుంది కదా, అందుకని తోకకు కట్టింది. తోక బరువెక్కితే విమానం ముక్కెత్తి కూలుతుందని అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది. నోరు విప్పలేదు. ఇంజినీర్లట, ఇంజినీర్లు!

విమానం లేచింది. ముక్కు నిట్టనిలువునా ఎత్తి, క్షణం ఆగి, నేలమీద పడి ముక్కలైంది.

"తోక బరువు," అన్నాను తాపీగా. "కట్టేటప్పుడే అనుకున్నా."

రజిత ముక్కల్లోంచి నిమ్మకాయ దారం ఏరుకుంది.

"తెల్సి గూడ చెప్పలేదా, లింగమూర్తన్నా?"

"చెబితే ఏది క్లాసిక్కో ఎలా తేలుతుందమ్మా?"

"గట్లనా? అయితే మీది జర ఎగరేసి చూపియ్యుండ్రి." వచ్చి, అదే నిమ్మకాయను నా విమానం తోకకు గట్టిగా ముడేసింది. "మూర్ఖుల చేతుల పడ్డా తిన్నగ దిగుతదంటిరి గదా."

అందరూ నావైపే చూస్తున్నారు. సాకు చెప్పడానికి గాలి కూడా లేదు. రిమోట్ అందుకున్నాను. మళ్లీ కింద పెట్టాను.

వంగి, ముడి విప్పడం మొదలుపెట్టాను. చాలాసేపు పట్టింది. ఎవరూ సాయానికి రాలేదు.