హైమావతి గొంతుకు కట్టిన పెట్టె

మార్కాపురం బజారులో గుడ్డల దుకాణం పుల్లారావుకు దేవుడు అన్నీ ఇచ్చాడు. బాగా నడిచే దుకాణం ఇచ్చాడు, నోరు పెద్దదైనా వేళకు అన్నం పెట్టే భార్యనిచ్చాడు, హార్మోనియం మెట్ల మీద పరుగులు తీసే వేళ్లనిచ్చాడు, నాటకాలాడే సొంత మేళాన్ని కూడా ఇచ్చాడు. గిద్దలూరు నాగేశ్వర్లు దగ్గరున్న హార్మోనియం పెట్టెను మాత్రం ఇవ్వలేదు. ఆ ఒక్కటీ లేనందుకు మిగతావన్నీ ఉండీ లేనట్టే ఉండేది ఆ మహానుభావుడికి.

అది దుకాణంలో కొన్న పెట్టె కాదు. నాగేశ్వర్లు బెజవాడలో ఒక పనివాడికి పురమాయించి చేయించుకున్న కాళ్ల హార్మోనియం. మంచి టేకు, గాలికి పలికే ఇత్తడి రేకులు మూడు వరసలు, తొక్కితే చప్పుడు కాని తిత్తి. డబ్బు పారేస్తే ఇవన్నీ ఎవరైనా చేయించుకోవచ్చు. నాగేశ్వర్లు చేసిన పని వేరు. తన మేళంలో పాడే హైమావతిని, ఆమె మొగుణ్ణి కూడా రైలెక్కించి తీసుకుపోయి, ఆ పనివాడి ఎదురుగా ఆమెను కూర్చోబెట్టి పాడించాడు. ఆమె గొంతు ఎక్కడ సుఖంగా నిలబడిందో అక్కడికి రేకులు గీసి శ్రుతి కట్టాడు పనివాడు. అది నాలుగు శ్రుతికి కాస్త పైన, నాలుగున్నరకు కాస్త కింద. ఇంకే పెట్టెకూ లేని శ్రుతి. ఆ పెట్టె పక్కన హైమావతి రాణి వేషంలో నిలబడి పద్యం ఎత్తుకుందంటే, బీడీ ముట్టించినవాడు పీల్చడం మరిచిపోయేవాడు.

ఆ పాట విన్నప్పుడల్లా పుల్లారావుకు ముందు కళ్లు చెమ్మగిల్లేవి, వెనువెంటనే కడుపు మండేది. ఆమె మీద అతనికి వేరే ఆలోచనేమీ లేదు. ఉంటే ఊరికి అర్థమయ్యేది, నాలుగు రోజులు చెవులు కొరుక్కుని ఊరుకునేది. అతనికి కావలసింది ఆ గొంతు తన వాయిద్యం మీద వాలడం. నాగేశ్వర్లు వేళ్లలో ఏముంది, తన వేళ్లలో ఏం లేదు? రాత్రింబవళ్లు ఇదే గోల.

"పెట్టె మీదనా నీ మోజు, పాట మీదనా?" అని భార్య రామతులసమ్మ ఎగతాళి చేసేది.

"నీకు తెలీదులే, పోయి చారు చూసుకో" అనేవాడు పుల్లారావు. నిజానికి అతనికీ తెలియదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు, నాగేశ్వర్లు పెట్టె ఇచ్చేస్తున్నాడని కబురొచ్చింది. మనిషికి చెవులు పోతున్నాయట. పుల్లారావు అయ్యో అన్నాడు. అయ్యో అంటూనే బట్టలు మార్చుకుని, దుకాణం భార్యకు అప్పజెప్పి గిద్దలూరు రైలెక్కాడు.

అతను పోయేసరికి కొమరోలు లింగయ్య అప్పటికే అరుగు మీద కూర్చుని పెట్టె మెట్లు నొక్కి చూస్తున్నాడు. లింగయ్యకు బోలెడు గొర్రెలున్నాయి, ఆ గొర్రెల డబ్బంతా నాటకాలకు పోస్తాడు. ఈ హార్మోనియం పిచ్చివాళ్లలో ఒక రివాజు ఉంది. ఎవడికి ఎక్కువ కావాలో వాడు ఎక్కువ వంకలు పెడతాడు. మెట్లు అరిగినాయని లింగయ్య పెదవి విరిచాడు. తిత్తి గాలి పోతోందని పుల్లారావు తల అడ్డంగా ఊపాడు. చెక్క పురుగు పట్టిందేమోనని లింగయ్య అనుమానపడ్డాడు. ఈ శ్రుతి ఎవరికి పనికొస్తుందని పుల్లారావు నిట్టూర్చాడు. ఇంతా చేసి ఇద్దరిలో ఒక్కడూ అరుగు దిగలేదు.

నాగేశ్వర్లు ఈ వంకలేవీ వినలేదు, వినపడవు కాబట్టి. చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, "నాకు డబ్బు వద్దు. మారుకు ఏమిస్తారో చెప్పండి" అన్నాడు.

"పాడిబర్రెను తోలిస్తా!" అని లింగయ్య అరిచాడు.

"నా పెట్టె ఇస్తా. గ్రామఫోను కూడా ఇస్తా, ప్లేట్లతో సహా!" అని పుల్లారావు ఇంకా గట్టిగా అరిచాడు. ఆ గ్రామఫోను మామగారు పెట్టింది. ఇంట్లో అడగాలి కదా అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

నాగేశ్వర్లు చాలాసేపు పుల్లారావు చేతుల వంక చూశాడు. తరువాత లింగయ్యతో, "ఏమనుకోవద్దు నాయనా" అన్నాడు. లింగయ్య మొహం మాడ్చుకుని లేచిపోయాడు. పుల్లారావుకు ఒళ్లు తేలిపోయింది.

బండిలోకి పెట్టె ఎక్కించేటప్పుడు నాగేశ్వర్లు అతని భుజం పట్టుకున్నాడు. "ఒక్క మాట పుల్లారావు. దీని శ్రుతి మాత్రం కదిలించొద్దు. ఆయమ్మ గొంతుకు కట్టించింది ఇది. వాళ్లమ్మకు పక్షవాతమొస్తే వెలిగండ్ల పోయింది. రానీ, అన్నీ మాట్లాడుకుందాం."

ఆ మాట పుల్లారావుకు ముల్లులా గుచ్చుకుంది. పెట్టె ఇచ్చేసినాక కూడా ఆమె ఇతని సొత్తేనా? మాట్లాడుకునేదేముంది? తల ఊపాడు గానీ దారి పొడవునా అదే నెమరేసుకున్నాడు.

ఇంటికి రాగానే రామతులసమ్మ గ్రామఫోను సంగతి విని రెండు పూటలు మాట్లాడలేదు. అది పెద్ద కష్టం కాదు, హాయిగానే ఉంది. అసలు కష్టం బేస్తవారిపేటలో మొదలైంది. అక్కడ పుల్లారావు మేళం నాటకం. కొత్త పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి, రంగం పక్కన వేసి, ఠీవిగా కూర్చున్నాడు. నాగేశ్వర్లు మేళంలో క్లారినెట్టు లేదు, ఇతని మేళంలో ఉంది. క్లారినెట్టు ఊదేది సాక్షాత్తూ రామతులసమ్మ తమ్ముడు. శ్రుతి మార్చడానికి వీల్లేని ఆ క్లారినెట్టు నాలుగున్నరలో పలికింది, పెట్టె తన దారిలో తాను పలికింది. రెంటి మధ్య రాజు వేషగాడు ఎటు పోవాలో తెలియక పద్యం మధ్యలో గుటకలు మింగాడు.

"నాగేశ్వర్లు కాడ పలికిన పెట్టేనా ఇది?" అని జనంలోంచి ఎవడో కేకేశాడు. అందరూ నవ్వారు. పుల్లారావు చెవులు ఎర్రబడ్డాయి. బామ్మర్దిని మానిపించి ఇంట్లో బతకలేడు. పెట్టెను మానేసి తాను బతకలేడు.

ఇక హైమావతి రావడమే మందు అనుకున్నాడు. ఆమె వస్తుంది, పెట్టె ఎక్కడుందో అక్కడికి రాక ఎక్కడికి పోతుంది? ఆమె పాడే రోజున క్లారినెట్టుకు సెలవిస్తే రామతులసమ్మ కూడా నోరెత్తదు. తానే వెలిగండ్ల పోయి పిలవచ్చు గదా అంటే, అదెట్లా? తనంతట తాను రావాలి. పిలిస్తే వచ్చిందన్న మాట నాగేశ్వర్లు చెవిన పడకూడదు, అవి పనిచేయకపోయినా సరే.

ఆమె రాలేదు గానీ ఒకనాడు మధ్యాహ్నం లింగయ్య దుకాణానికి వచ్చాడు. పంచెల చాపు బేరం చేస్తున్నట్టు నటించి, "ఆ పెట్టె నీకు పొసగలేదంట గదా. నాకియ్యి. బర్రె మాట ఇంకా అట్లనే ఉంది" అన్నాడు.

"పొసగలేదని ఎవరన్నారు?"

"బేస్తవారిపేటోళ్లందరూ అన్నారులే. హైమావతి కూడా తిరిగొచ్చింది. నిన్న పొద్దున గిద్దలూరులో నాగేశ్వర్లు ఇంట్లోకి పోతుంటే నేనే చూసినా. లోపల్నించి పాట కూడా వినపడింది."

పుల్లారావు చాపును లింగయ్య ముందుకు తోశాడు. "పెట్టె ఇయ్యను. చాపు కావాలంటే తీసుకో" అని లింగయ్యను పంపించాడు.

ఆ తరువాత అతని బుర్ర ఎట్లా పరుగెత్తిందో చెప్పాలంటే సిగ్గేస్తుంది. చెవుడంతా వేషమే! పనికిరాని శ్రుతి పెట్టెను తన నెత్తిన రుద్ది, తన మంచి పెట్టెను కాజేసి, ఇప్పుడు దాని మీద ఆమెతో పాడించుకుంటున్నాడు. ఇద్దరూ కూర్చుని నవ్వుకుంటుంటారు. శ్రుతి కదిలించొద్దన్నది ఎందుకు? తాను ఇట్లాగే నగుబాటు కావాలని. ఒళ్లు భగ్గున మండింది. ఆమెకు అక్కర్లేని శ్రుతి తనకెందుకు?

పుల్లారావుకు రేకులు గీయడం వచ్చు. దుకాణం వెనక గదిలో పెట్టె విప్పి, ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. రేకు కొసన గీస్తే శ్రుతి పైకి పోతుంది. మళ్లీ దించాలంటే మొదట్లో గీయాలి. పలుచని ఇత్తడి రేకు రెండు గీతలకు ఓర్చుకోదు, పలుకు చచ్చి చివరకు తెగుతుంది. ఈ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసే గీశాడు. ఒక్కొక్క రేకు నాలుగున్నరకు ఎక్కుతుంటే నాగేశ్వర్లు చెయ్యి ఒక్కొక్క వేలే ఆ పెట్టె మీది నుంచి లేచిపోతున్నట్టు తోచి సంతోషంగా కూడా ఉంది.

"వద్దన్న పని చేస్తుండావు" అని రామతులసమ్మ గుమ్మంలోంచి అంది.

"నా పెట్టె, నా ఇష్టం" అన్నాడు తల ఎత్తకుండా.

పెట్టె బిగించి పూర్తి చేసిన మర్నాడే హైమావతి వచ్చింది. దుమ్ము కొట్టుకున్న చీర, చంకన చిన్న సంచి. రామతులసమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, "పుల్లారావన్నా, పెట్టె నీ కాడ ఉందంట గదా. ఒకసారి శ్రుతి పట్టవా? దాని మీద పాడి చానాళ్లయింది" అంది.

పుల్లారావు వెనక గది తలుపు దగ్గరికి లాగాడు. "పెట్టె లేదమ్మా. ఇచ్చేసినా" అన్నాడు.

"ఎవరికన్నా?"

"కొమరోలు లింగయ్యకు." ఆ క్షణాన నోటికి తగిలిన పేరు అదే.

హైమావతి సంచి మళ్లీ చంకన పెట్టుకుంది. "అట్లనా. అయితే కొమరోలే పోతా. బస్సు ఎప్పుడుందన్నా?"

లింగయ్య పక్కన హైమావతి! ఆ గొర్రెల వాసన మధ్య, ఆ మొద్దువేళ్ల పక్కన! పెట్టె అక్కడ లేదని, అంతా తానల్లిన అబద్ధమేనని తెలిసి కూడా పుల్లారావు ఆ ఊహను ఓర్చుకోలేకపోయాడు. "కూచో తల్లీ, కూచో. ఉంది, ఇక్కడే ఉంది" అని లోపలికి పరుగెత్తాడు.

పెట్టెను చూడగానే ఆమె మొహం విప్పారింది. దాని అంచును కళ్లకద్దుకుంది. పుల్లారావు కూర్చుని తిత్తి తొక్కి, మెట్టు నొక్కాడు. ఆమె కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకుంది. గొంతు ఎప్పుడూ నిలబడే చోటికి పోయి నిలబడింది. పెట్టె అక్కడ లేదు. ఉలిక్కిపడి పైకి ఎగబాకింది, బిగుసుకుని జారింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ జారింది.

"అమ్మ కాడ నిద్దర లేక గొంతు చెడినట్టుంది" అని ఆమె మెడ పట్టుకుని నొచ్చుకుంది. "వదినా, రవ్వన్ని వేణ్ణీళ్లు ఇస్తావా? తాగి మళ్లా ఎత్తుకుంటా."

రామతులసమ్మ కదల్లేదు, మొగుడి వంక చూస్తూ నిలబడింది. తప్పు తన గొంతుదేనని హైమావతి నమ్మింది. నమ్మనిస్తే పుల్లారావు గట్టెక్కేవాడే. వేణ్ణీళ్లు తాగి, మళ్లీ జారి, ఇక తనకు పాట పోయిందనుకుని ఇంటికి పోయేది. అతనికి అసూయ ఉంది గానీ, ఆ గొంతు తనను తాను తప్పుపట్టుకోవడం చూసి ఊరుకునేంత గుండె లేదు.

"నీ గొంతు బాగుంది తల్లీ. రేకులు నేనే గీసినా."

హైమావతి పెట్టె వంక, అతని వంక మార్చి మార్చి చూసింది. అర్థమైనాక మెల్లగా, "ఎందుకన్నా?" అంది.

"నువ్వు గిద్దలూరు పోయినావంట. ఆయన కాడనే మళ్లా పాడతావనుకున్నా."

"ఆయనకు నా పాట వినపడదన్నా. ఎదురుగా కూచోని పాడితే నా నోరు చూస్తా కూచున్నాడు పాపం. పాట అయినాక ఆయనే చెప్పినాడు. 'ఇంక నువ్వు పుల్లారావు కాడ పాడాల. నాకంటే మెత్తని వేళ్లు. అందుకే లింగయ్యను కాదని పెట్టె ఆయన చేతిలో పెట్టినా' అని. ఆయన పంపిస్తేనే నీ కాడికి వచ్చినా."

పుల్లారావు వేలు మెట్టు మీదే ఉండిపోయింది, కాలు తిత్తిని తొక్కుతూనే ఉంది. పెట్టె నాలుగున్నర శ్రుతిలో ఏ వంకా లేకుండా పలుకుతూనే ఉంది.