మొండి బురద

లీటరు గాజు జాడీతో ట్యాంకు నీళ్లు ముంచి, గట్టు మీద పెట్టి, బురదక్క చేతి గడియారం చూసుకుంది. అరగంటలో బురద అడుక్కి దిగి, పైన నీళ్లు తేటపడితే పురుగులు బాగున్నట్టు. ఈలోపు గుప్పెడు నురగ తీసి వాసన చూసింది. వాన పడ్డ మట్టి వాసన.

"కడుపు నిండింది వెధవలకి" అని ముద్దుగా తిట్టింది.

చదువుకున్నవాళ్లు బాక్టీరియా అంటారు; ఆమెకి పురుగులు. మందుల ఫ్యాక్టరీ కడిగిన విషపు నీళ్లన్నీ ఈ ట్యాంకులోకే వస్తాయి, అవి తిని అరిగించుకుంటాయి. వాటికి గాలి ఆడేలా చూడటం, నీరసిస్తే బెల్లం మడ్డి పోయడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. కాళ్లకి రబ్బరు బూట్లు, మోచేతుల మీద పాత యాసిడ్ మచ్చలు.

కిందటేడు ఎవరో చెప్పాపెట్టకుండా యాంటీబయాటిక్ కడిగిన నీళ్లు వదిలారు. తెల్లటి నురగ, కుళ్లు కంపు. ట్యాంకు చచ్చిందన్నారు అందరూ. పన్నెండు రోజులు ఆమె దాని పక్కనే కూర్చుంది. చావగా మిగిలినవే పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడా మందు వాటికి లెక్కే కాదు.

"ఒకటి నేర్చుకుంటే పక్కదానికీ నేర్పుతాయి. మనుషుల్లా విద్య దాచుకోవు" అంటుంది, అక్కడి పైపులూ వాల్వులూ చూసుకునే ఫిట్టరుతో.

భర్త కాలి పుండులో దూరినవీ అలాంటివే. ఆస్పత్రిలో ఏ మందుకీ లొంగక, చివరికి మనిషినే లొంగదీశాయి. ఆ కోపం ఇంకా ఉంది. అయినా మొండితనం వాటి దగ్గరే నేర్చుకుంది.

ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. పదకొండింటికి కొత్త మేనేజరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, రేపు తనిఖీ. ఈ గోధుమరంగు మురికేంటి? వాల్వు తిప్పి మొత్తం కాలవలోకి వదిలేయండి. మంచినీళ్లు పట్టి మిలమిల్లాడేలా పెట్టండి."

"మురికి కాదు బాబూ, మీ పనివాళ్లు. వీళ్లు పోతే కొత్తవాటికి ఈ విషం అలవాటయ్యేసరికి ఆర్నెల్లు. అప్పటిదాకా ఎవరు తింటారు, మీరా?"

పక్కనే ఉన్న ఫిట్టరుకి నవ్వాపుకోబోయి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. కాలవ పొడుగునా ఇళ్లున్నాయి; మూడోది ఆమె కూతురిది. అక్కడి బోరు నీళ్లే మనవరాలు తాగేది.

"సాయంత్రం వెళ్లిపోయేవారు, మీకెందుకండీ?"

"వెళ్లిపోయేదాన్ని కాబట్టే. ఇంక నన్నేం పీకేస్తారు?"

"సరే, నాలుగింటికి నేనే తిప్పిస్తా" అని అతను వెళ్లిపోయాడు.

జాడీలో నీళ్లు తేటపడ్డాయి. పుస్తకంలో 'బాగున్నాయి' అని రాసింది. మూడున్నరకి ట్యాంకు వెనక్కి వెళ్లి, వాల్వు చక్రం బోల్టు విప్పి, చక్రాన్ని క్యారేజీ సంచిలో వేసుకుంది. ఇరవై ఆరేళ్లలో అరగంట ముందు బయల్దేరడం ఇదే మొదలు.

"ఏంటక్కా, ఫ్యాక్టరీ మోసుకుపోతున్నావా?" అన్నాడు గేటు దగ్గర కాపలావాడు.

"కావలసినంత వరకే" అని, వెనక్కి చూడకుండా నడిచింది.

నాలుగింటికి మేనేజరు వచ్చి చూస్తే చక్రం లేదు. "రెంచి పెట్టి తిప్పు!" అని ఫిట్టరు మీద అరిచాడు. ఫిట్టరు వంగి, చాలాసేపు మూలిగి, నడుం పట్టుకుని లేచాడు.

"కదలట్లేదు సార్. పాతికేళ్ల తుప్పు. బలవంతం చేస్తే విరుగుతుంది. విరిగితే ఈ బురదంతా ముందు మీ ఆఫీసులోకే."

మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. రుమాలు సర్దుకుని, ఆ తర్వాత మరో పాతిక అడుగులు.

ట్యాంకు బుడగలు వేస్తూనే ఉంది. కింద, చక్రం లేని బోసి కడ్డీ, పొద్దున్నే ఫిట్టరు పూసిన గ్రీజుతో, తుప్పన్నదే ఎరగనట్టు నిగనిగలాడుతోంది.