తెల్లబోయిన పరిగెలు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు మద్రాసులో వియ్యంకుడి ఇంట గాజుతొట్టి చూసి వచ్చినప్పటినుంచి అబ్బాయిరాజుగారికి మనసు మనసులో లేదు. వేలెడంతైనా లేని రంగురంగుల చేపలు, ఒకటి తిరిగితే గుంపంతా తిరిగేది. ఏలూరు క్లబ్బు కమిటీలో నలుగురిని ఒక్క మాటమీదకి తేలేని తనకు ఆ కట్టుబాటు చూస్తే అసూయే వేసింది.

రాగానే పటాలు కట్టే అతనిచేత కిటికీ అద్దాలతో తొట్టి చేయించారు. అది రెండుసార్లు కారి హాలంతా తడిపి, ఆ తరవాత నిలిచింది. చేపల కోసం కొల్లేట్లో వలేసే పైడిరాజుకు కబురు పెడితే, తోక దగ్గర నల్లచుక్క, ఒళ్ళంతా దానిమ్మగింజ ఎరుపు ఉన్న చిన్న పరిగెలను కుండలో తెచ్చాడు.

"కూరకైతే పెద్దవి తెద్దునండీ."

"కూరకి కాదు. చూడ్డానికి."

పైడిరాజు కుండలోకి ఓసారి తొంగిచూసి, "చిత్తవండీ," అన్నాడు.

ఆ సాయంత్రమే రాజుగారు క్లబ్బులో నోరు జారారు. "మద్రాసువాళ్ళవి ఏపాటి ఎరుపండీ. మా ఇంటికొచ్చి చూడండి, పండుమిరపకాయలు ఈదుతున్నట్టుంటాయి."

మర్నాడు హెడ్మాస్టరు పట్టాభిరామయ్యగారు వచ్చారు. చేపలు తొట్టి అడుగున ఓ మూల నక్కి ఉన్నాయి. రాజుగారు వేలి ఉంగరంతో గాజుమీద టకటకా కొట్టి వాటిని పిలిచారు. అవి గుంపుగా అవతలి మూలకు పరుగెత్తి, బియ్యం కడిగిన నీళ్ళ రంగుకు తిరిగిపోయాయి.

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని, "చాలా బాగున్నాయండీ. ఎరుపు కూడా, ఉందంటే ఉందండీ," అన్నారు.

ఆ మర్యాదకన్నా చెంపదెబ్బ నయం అనిపించింది రాజుగారికి.

నీళ్ళు మార్చారు. తొట్టిమీద లైటు పెట్టించారు. వెనకాల ఎర్ర పట్టుగుడ్డ కట్టారు. గుణం కనిపించిందేమోనని ప్రతిసారీ టకటకా కొట్టి చూసేవారు. ప్రతిసారీ తెలుపే.

"పెళ్ళిచూపుల్లో మిమ్మల్ని చూసి నేనూ ఇలాగే తెల్లబోయానుటండీ, మా అమ్మ అనేది," అంది భార్య రామలక్ష్మి.

చివరికి విసిగి తొట్టిని పెరటి వసారాలోకి పంపేశారు. అక్కడ గాజుకు పాచి పట్టింది. రామలక్ష్మి అటు వెళ్ళినప్పుడల్లా నాలుగు మెతుకులు వేసేది. ఒకరోజు వడ్డిస్తూ, "ఏవండీ, మీ చేపలు ఎర్రబడ్డాయండీ," అంది.

రాజుగారు ఎంగిలిచేత్తోనే లేచి పరుగెత్తారు. బియ్యం కడిగిన నీళ్ళు.

"ఇందాకటిదాకా ఎర్రగానే ఉన్నాయండీ. పక్కింటి అచ్చాయమ్మగారు కూడా చూశారు."

అంటే చూడనిది తనొక్కడే. ఆ ఉక్రోషంలో చెయ్యి దానంతటదే గాజువైపు వెళ్ళింది. ఉంగరం ఇంకా తగలనే లేదు, చేపలన్నీ ఒక్కసారిగా వణికాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తను పలకరిస్తున్నాననుకున్నారు. వాటికి అది నెత్తిన పిడుగు.

ఉంగరం తీసి పెట్టెలో పెట్టారు. కానీ అప్పటికే ఆ చేపలకు ఆయన ముఖం కంఠతా వచ్చేసింది. తెల్లపంచె గుమ్మంలో కనబడితే చాలు, రంగు దిగిపోయేది. ఇక చేసేదిలేక, ఆరేసిన చీర వెనక నిలబడి సందులోంచి చూశారు. ఎరుపంటే అదీ ఎరుపు. ఒకటి మళ్ళితే అన్నీ మళ్ళాయి. ఆయన ఊపిరి బిగబట్టి, కాళ్ళు పీకేదాకా అలాగే ఉండిపోయారు.

అదే వేళకు పట్టాభిరామయ్యగారు ఏదో పనిమీద వస్తే రామలక్ష్మి పెరట్లోకి తీసుకొచ్చింది.

"రాజుగారు లేరాండీ?"

"ఉన్నారండీ. ఆ చీర వెనకాల."

"నమస్కారమండీ," అంది చీర. "నేను బయటికొస్తే అవి తెల్లబోతాయి. మీరు చూడండి, తరవాత మాట్లాడుకుందాం."

హెడ్మాస్టరుగారు వంగి చాలాసేపు చూశారు. కళ్ళజోడు జారినా సర్దుకోలేదు. లేచేముందు, "పైడిరాజు మా ఇంటికీ తెస్తాడంటారా?" అని మెల్లగా అడిగారు.

ఆ కథ క్లబ్బులో మరొకరు చెప్పేలోగా రాజుగారే చెప్పేశారు. "మా ఇంటిల్లిపాదిలో నేనంటే భయపడేవి అవేనండీ. వాటికీ ఆ భయం పోగొడదామని చూస్తున్నాను." రోజూ వసారా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చునేవారు. వారానికో జానెడు ముందుకు జరిపేవారు. కార్తీకమాసం వచ్చేసరికి కుర్చీ తొట్టిదాకా చేరింది. చేపలు ఎర్రగానే ఉన్నాయి, ఒకటి రెండు మాత్రం కాస్త అనుమానంగా చూసేవి.