ముసలమ్మ పట్టె

మా కోడలు పూజిత కళాకారిణి. ఆ మాట ఆవిడే చెప్పింది కాబట్టి నమ్మాలి. ఎవరో పారేసిన కుర్చీ చేతులూ, బల్ల కాళ్ళూ ఏరుకొచ్చి గోడలకి అలంకారాలు చేస్తుంది. పరాయి రాష్ట్రమొచ్చి లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఆరేళ్ళు వడ్రంగం చేసిన నాకు కాళ్ళున్నవాటిని నిలబెట్టడమే తెలుసు, వేలాడదీయడం తెలీదు.

మా ఆవిడ అప్పలలక్ష్మి శ్రీకాకుళం వెళ్తూ, "కోళ్ళు జాగర్త. పురుగు పడతాది" అంది. తన మంచం కోళ్ళ గురించి, అంటే కాళ్ళ గురించి. ఇంకో మంచం మీద ఆవిడకి నిద్రపట్టదు.

"మనింట్లో కోళ్ళెక్కడున్నాయి మామయ్యా?" అంది పూజిత. నవ్వి ఊరుకున్నాను, బుద్ధిలేక.

నేను కంటి ఆపరేషన్‌కి వెళ్ళి రెండు రోజుల్లో తిరిగొచ్చేసరికి మంచం లేదు. నాలుగు కోళ్ళూ దీపాల స్టాండ్లయ్యాయి. తలవైపు అడ్డపట్టె తాళంచెవుల కొక్కేలతో గోడెక్కింది.

"చివర తెలుగులో ఉంది మామయ్యా! బళ్ళో నేర్చుకోకపోయినా కూడబలుక్కుని చదివాను. ముసలమ్మ! అంటే ఓల్డ్ లేడీ కదా? ఎంత వింటేజో!"

ముసలమ్మ మా ఆవిడ అసలు పేరు, వాళ్ళ ఊరి అమ్మవారిది. "కొత్త కోడలికి ముసలమ్మేటి?" అని మా అమ్మ పెళ్ళినాడే అప్పలలక్ష్మిగా మార్చేసింది. మా ఆవిడ ఏడ్చింది. కాపరానికొచ్చాక మంచం చేస్తూ, కోడు కన్నంలో దూరి కనపడకుండా పోయే పట్టె చివర ఆ పేరు చెక్కాను. మొదట అమ్మకి భయపడీ, తరవాత సిగ్గుపడీ చెప్పలేదు. మగతనమంటే అదే మరి!

మర్నాడు షాలిమార్ స్టేషన్‌లో రైలు దిగి మా ఆవిడ ఇంటికొచ్చింది. మంచం చోటు చూసింది, గోడ చూసింది. వేలుపెట్టి అక్షరాలు తడిమింది.

"ఎవలు సెక్కినారు?"

"నేనే. మంచం చేసినప్పుడే."

"నలబయ్యేళ్ళు దీనిమీదే పడుకున్నాను. ఒక్కపాలైనా ఆ పేరుతో పిలిసినావా?"

పూజిత ఏడుపుమొహంతో, "సారీ అత్తయ్యా, విప్పేస్తాను" అంది.

"కోళ్ళు ఇచ్చెయ్యమ్మా. మీ మావ కొత్త పట్టె సేస్తాడు. ఇది గోడకే ఉండనీ. రోజూ సదువుకుంతాడు."

ఇప్పుడు తాళంచెవి కావాలంటే నేను ఆ పేరు పైకి చదవాలి. ఇంటి చట్టం. మొదటిరోజు అటూ ఇటూ చూశాను. ఎలాగో అన్నాను.

"ముసలమ్మా!"

వంటింట్లోంచి "ఓయ్" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.