నలభై ఏడు పళ్ళ గేరు

జూన్ పదకొండు. ఆ మధ్యాహ్నం తిన్నది రొట్టె, ఉడికించిన గుడ్లు. ఆరేళ్ళయినా అతను మరిచిపోలేదు. గుడ్డు గొంతు దిగకముందే బావ ఆ మాట అన్నాడు మరి.

బేకరీవాళ్ళ పిండి కలిపే యంత్రంలో గేరు పళ్ళు విరిగాయి. బేకరీ యజమాని బావ వర్క్‌షాపు నడిమధ్యన నిలబడి నిప్పులు కక్కుతుంటే బావ చేతులు దులిపేసుకున్నాడు.

"మా బామ్మర్దికి ఎక్కాలు రావండీ. లెక్క తప్పి కోశాడు."

పనివాళ్ళు పగలబడి నవ్వారు. క్యారేజీ తెచ్చిన అక్క తల వంచుకుంది.

నిజానికి అతను ముందే మొత్తుకున్నాడు. "చిన్న గేరుకి పదహారు పళ్ళు బావా. పెద్దదానికి నలభై ఏడు పెడదాం. దేంతోనూ భాగం పోని అంకె. ఒక పన్ను చెడినా ఆ దెబ్బ అన్నిటికీ తలా కాస్త పడుతుంది." నలభై ఏడు కొయ్యాలంటే కోత యంత్రానికి పళ్ళ లెక్క కుదిర్చే చిల్లుల పళ్ళెం మార్చాలి. బావకి అంత ఓపికెక్కడిది? "నలభై ఎనిమిది లాగించెయ్. ఇరుసు కాస్త జరుపుకుంటే సరిపోతుంది" అన్నాడు. పదహారు మూళ్ళు నలభై ఎనిమిది. ఇక చిన్న గేరులో ప్రతి పన్నూ ఎన్నాళ్ళు తిరిగినా అవే మూడు పళ్ళను కొరుకుతుంది.

ఆ రోజుతో వీధిలో అతని పేరు 'ఎక్కాలు' అయిపోయింది. అతను బయటికొచ్చేసి, ఇంటి వెనకగదిలో సొంతంగా కోత యంత్రం పెట్టుకున్నాడు. కడుపులో కుంపటి మాత్రం ఆరలేదు.

ఇప్పుడు అదే గది గుమ్మంలో బావ నిలబడ్డాడు. చేతిలో మళ్ళీ విరిగిన బేకరీ గేరు. చూపు మందగించి తను కొయ్యలేడు.

"ఏరా, ఇంకా అలకేనా? నలభై ఎనిమిది కోసిపెట్టు."

"నువ్వెలా అంటే అలాగే బావా."

ఆ జవాబులోని తీపి బావ పసిగట్టలేదు. చెప్పినట్టే కోసి, ఒక పన్ను మీద చిన్న గాటు పెడితే చాలు. బేకరీవాడు మళ్ళీ వచ్చి బావ పీక పట్టుకుంటాడు. అతను యంత్రం బిగించాడు, పిడి మీద చెయ్యి వేశాడు, ఆగిపోయాడు. విరిగితే చెడ్డపేరెవరిది? మళ్ళీ ఎక్కాలుదే. లేచి చిల్లుల పళ్ళెం మార్చాడు.

మర్నాడు సాయంత్రం గేరు బావ వర్క్‌షాపుకి తనే పట్టుకెళ్ళాడు. పనివాళ్ళందరూ ఉన్నారు. అక్క టీ పోస్తోంది. ముందుగా పాత గేరు బల్ల మీద పెట్టాడు.

"విరిగినవి మూడు. ఒకదాన్నించి ఇంకోదానికి ఎన్నో లెక్కపెట్టు బావా. కాస్త గట్టిగా."

బావ వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. పదహారు. మళ్ళీ పదహారు. మళ్ళీ పదహారే.

కొత్త గేరుని బల్ల మీద చిన్న గేరుకి జతగా బిగించి, చిన్నదాన్లో ఒక పన్నుకి నీలం రంగు పూసి తిప్పాడు. అరిగినప్పుడల్లా మళ్ళీ పూశాడు. పెద్ద గేరు పదహారు చుట్లు తిరిగేసరికి నీలం అంటని పన్ను లేదు.

"ఇది నలభై ఏడు. ఆ రోజు నలభై ఎనిమిది చాలన్నదెవరు బావా?"

బావ పాత గేరు పక్కకి జరిపాడు. "ఎందుకురా ఇప్పుడవన్నీ?"

"చెప్పు. అక్క వింటోంది."

"...నేనే."

"అయితే ఎక్కాలు రానిది ఎవరికంటారు?" అన్నాడు మూలనున్న లేత్ మేస్త్రి. అప్పటి నవ్వే మళ్ళీ లేచింది. ఈసారి అది అతని చెవికి చల్లగా తగిలింది. ఆరేళ్ళుగా నాలుక మీద పెట్టుకున్న మాట ఇంకొకరు అనేశారు. ఆ కష్టం కూడా తప్పింది.

అక్క మొదటి గ్లాసు తమ్ముడికే ఇచ్చింది. మొగుడి వంక చూడలేదు.

పనివాళ్ళు వెళ్ళిపోయారు. అతను వీధి అవతల నిలబడి వెనక్కి చూశాడు. దీపం కింద బావ ఒక్కడే పాత గేరు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ దృశ్యం ఇంకాస్తసేపు వీధి వీధంతా చూస్తే బాగుండు అనిపించింది అతనికి.

అక్క గుమ్మంలోకి వచ్చింది. తమ్ముణ్ణి చూసింది. దారినపోయేవాళ్ళ కంట మొగుడు పడకుండా, చప్పుడు చెయ్యకుండా తలుపు మూసింది.